పళ్ళపార పలికిన ఎనిమిది

ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినబడదు. అడవిలో పనిచేసే వాళ్ళందరికీ ఆవిడ చీపురమ్మ. ఎదురుగా కాదు లెండి, ఎదురుగా మేడమే. ఆవిడ అటు తిరగ్గానే చీపురమ్మ.

పేరెందుకొచ్చిందంటే మంట గీతల వల్ల. మంట గీత అంటే చెట్టూ పుట్టా, గడ్డీ గాదం లేకుండా అడవిలో పది పన్నెండు అడుగుల వెడల్పున మట్టి తేలేదాకా గీకి ఉంచిన దారి. మంట అక్కడిదాకా వచ్చి, తినడానికేమీ దొరక్క ఆకలితో చచ్చిపోవాలి. ఇలాంటి గీతల్ని చాలామంది అధికారులు జీపులోంచే చూసి, బాగుందని తలూపి, సంతకం పెట్టి వెళ్ళిపోతారు. ఈవిడ దిగుతుంది. మైళ్ళకి మైళ్ళు నడుస్తుంది. వంగుతుంది. "ఇక్కడ ఆకుంది" అంటుంది. "ఒక్క ఆకే కద మేడమ్" అంటే "మనకి ఒక్క ఆకు, మంటకి వంతెన" అంటుంది. ఊడవమంటుంది. మళ్ళీ ఊడవమంటుంది.

నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. అన్నవాళ్ళు పొలాల వాళ్ళయి ఉంటారు. కొండల్లో బతికినవాళ్ళయితే నిప్పు మిట్టెరుగు అని కూడా కలిపేవాళ్ళు. నీళ్ళు కిందికి ఎంత ఆత్రంగా పోతాయో మంట పైకి అంత ఆత్రంగా పోతుంది. చదును నేల మీద మనిషి మంట కన్నా జోరుగా నడవగలడు. ఏటవాలు మీద మంటకి కాళ్ళొస్తాయి, మనిషికి ఆయాసమొస్తుంది. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది పోయారో లోకంలో.

ఆవిడకి తెలుసు. ముప్ఫై ఏళ్ళ కిందట నర్సరీలో సంచులకి మట్టి నింపించే పనిలో చేరింది. ఇప్పుడు ఈ కొండల వరస మొత్తం, ప్రభుత్వ అడవి, పద్నాలుగు వేల ఎకరాలు, ఆవిడ చేతికిందే. మొక్కలు నాటించడం, ఒత్తుగా పెరిగినచోట పలచన చేయించడం, పశువుల మేతకి అనుమతులివ్వడం, వేసవిలో మంటల మీదికి మనుషుల్ని పంపడం. మొదటి మూడూ కాగితం మీద సాగే పనులు. నాలుగోది కాగితాన్నే తినేసే పని.

ఇంటాయన దర్జీ. ఆయన తమ్ముణ్ణి, అంటే మరిదిని, ఆవిడే మంటల జట్టులో చేర్పించింది. అత్తగారు వచ్చిపోయే వాళ్ళందరికీ చెప్పేది, నవ్వుతూనే: "ఒకణ్ణి సూదికిచ్చాను, ఒకణ్ణి నిప్పుకిచ్చాను. సూది సంబంధం నేను చూసింది. నిప్పు సంబంధం మా కోడలు చూసింది." ఆ నవ్వులో ముల్లుండేది. కోడలు కాఫీ గ్లాసుతో పాటు దాన్నీ మింగేసేది.

ఇక లెక్క సంగతి. మంట గీత దగ్గర జట్టుని వెనక్కి పిలిచాక మనుషుల్ని లెక్కపెట్టాలి. మునుపు పేర్లు పిలిచేవాళ్ళు. పొగలో, దగ్గుల్లో, చప్పుడులో పన్నెండు పేర్లు పిలిచేసరికి పుణ్యకాలం గడిచిపోయేది. పైగా పనిముట్లు పోయేవి. ముఖ్యంగా ఆకులు లాగే ఇనప పళ్ళ పార, జట్టువాళ్ళ మాటలో పళ్ళపార, ప్రతి ఏడూ నాలుగైదు మాయం. స్టోరు గుమాస్తా ఏడుపు. అప్పుడు చీపురమ్మే ఒక ఉపాయం కనిపెట్టింది. పళ్ళపారల కర్రల మీద ఒకటి నుంచి పన్నెండు దాకా ఎర్ర రంగుతో అంకెలు వేయించింది. ఎవరి చేతిలో ఏ అంకె ఉంటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వాళ్ళది ఆ నంబరు. లెక్కప్పుడు వరసగా నంబర్లు అరవాలి. మనిషీ దొరుకుతాడు, పారా దొరుకుతుంది, అరనిమిషంలో పని తీరుతుంది. ఒకే దెబ్బకి రెండు పిట్టలు. పై ఆఫీసు మెచ్చుకుంది. ఇంకో తొమ్మిది అడవి రేంజిల్లో అదే పద్ధతి పెట్టారు. ఆవిడే వెళ్ళి నేర్పి వచ్చింది కూడా.

పిట్టల్లో ఒకటి ఎగిరిపోవచ్చునని ఎవరికీ తోచలేదు.

లోయ అవతల రెండు రోజులుగా రగులుతున్న మంట ఆ గురువారం మధ్యాహ్నం లోయ దాటి ఇటు వాలు ఎక్కడం మొదలుపెట్టింది. వాలుకి ముప్పావు ఎత్తులో మంట గీత. గీతకి పైన ఎడమవైపు విత్తనాల తోట. మంచి చెట్ల నుంచి గింజలు తెచ్చి పద్నాలుగేళ్ళుగా ఆవిడ పెంచిన తల్లి చెట్లు. కుడివైపు కొండ మెడ, అంటే రెండు కొండల మధ్య పల్లపు చోటు. ఆ మెడ దాటితే నలభై ఇళ్ళు, ఒక బడి. ఇళ్ళు ఖాళీ చేయించే లారీ ఒక విడత మనుషుల్ని తీసుకెళ్ళింది. మిగతా సగంమంది, ముసలివాళ్ళూ పిల్లలూ, బడి వరండాలో రెండో విడత కోసం కూర్చున్నారు.

మూడింటికి లోయలోంచి పైకి గాలి లేస్తుంది. ప్రతి రోజూ లేస్తుంది. ఆ కొండల్లో గడియారాలు తప్పు చెప్పినా గాలి చెప్పదు. అది లేచేలోపల గీత కింది అంచున ఎదురు మంట పెట్టాలి. ఎదురు మంట కిందికి పాకి, పెద్ద మంటకి తిండి లేకుండా చేస్తుంది. అప్పుడే ఇళ్ళు దక్కుతాయి. కానీ గీతకి కింద మనిషి ఎవడన్నా ఉంటే రెండు మంటల మధ్య వేగిపోతాడు.

రెండు ముప్ఫై అయిదుకి జట్టంతా గీత మీదికి వచ్చింది. మేస్త్రీ అరిచాడు, లెక్క!

"ఒకటి!" "రెండు!" "మూడు!"

పొగలో మొహాలు కనబడవు. గొంతులే.

"ఏడు!"

ఒక్క క్షణం ఎవరూ పలకలేదు.

"ఎనిమిది!" "తొమ్మిది!" "పది!" "పదకొండు!" "పన్నెండు!"

"సరిపోయిందమ్మా" అన్నాడు మేస్త్రీ.

చీపురమ్మ మంట డబ్బా అందుకుంది. వంకర ముక్కున్న డబ్బా అది. లోపల నూనె, ముక్కు చివర వత్తి. వంచుకుంటూ నడిస్తే గడ్డి మీద నిప్పు చుక్కలు రాలుతాయి. వత్తి వెలిగించింది. గీతకి పైన నిలిపిన జీపు బండిని ఇంకాస్త పైకి తీయమని చెబుదామని డ్రైవరు కోసం వెనక్కి చూసింది. బండిలో ఎవరూ లేరు.

మంటల దగ్గర డ్రైవరు స్టీరింగు వదలకూడదు. వదిలితే ఉద్యోగం వదిలినట్టే.

"డ్రైవరేడీ?"

"ఇక్కడున్నా మేడమ్!" పొగలోంచి ఉత్సాహంగా వచ్చాడు, చేతిలో పళ్ళపార. "ఊరికే కూర్చోడమెందుకు, నేనూ ఓ చెయ్యి వేద్దామని..."

ఆవిడ కళ్ళు కర్ర మీద పడ్డాయి. ఎర్రటి ఎనిమిది.

"ఇది ఎక్కడిది నీకు?"

"బండికి ఆనించి ఉంది మేడమ్."

"లెక్కలో ఎనిమిది అన్నది ఎవరు?"

"నేనే. ఎవరి చేతిలో పార ఉంటే వాళ్ళే పలకాలి కదా. మీరు పెట్టిన రూలేగా మేడమ్." మెచ్చుకుంటుందనుకున్నాడు పాపం.

ఎనిమిది ఆ రోజు మరిది. పొద్దున ఆవిడే చెప్పింది అతనికి: కింద కంచెలో మేతకి వదిలిన ఆవులున్నాయి, వీలైతే గేటు తీసిరా. ఆవిడ నోట్లో వీలైతే అన్న మాటకి తప్పకుండా అని అర్థమని ఆఫీసులో పిల్లికి కూడా తెలుసు. గేటు తీయడానికి పళ్ళపార ఎందుకు? బండికి ఆనించి వెళ్ళాడు. వాకీటాకీలు నలుగురికి ఒకటి. అతని దగ్గర లేదు.

ఆవిడ వత్తి ఆర్పలేదు. ఆర్పడానికి చెయ్యి రాలేదు, వంచడానికీ రాలేదు.

"వెళ్ళు, బండెక్కు" అంది డ్రైవరుతో. "హారను నొక్కు. నే చెప్పేదాకా వేలు తీయకు. ఆ చప్పుడు వైపు నడుచుకొస్తాడు, వస్తే."

డ్రైవరు పరిగెత్తాడు. బండి ఒకటే అరుపు మొదలుపెట్టింది, కొమ్ములిరిగిన ఎద్దులా.

"నేను దిగి చూసొస్తానమ్మా" అన్నాడు మేస్త్రీ. పాతికేళ్ళుగా జట్టు నడిపిన మనిషి. కనుబొమలు ఏనాడో కాలిపోయి మళ్ళీ మొలవలేదు.

"ఒకడు కింద ఉన్నాడంటే రెండోవాణ్ణి పంపుతారా ఎవరన్నా?"

"పంపరు. అడగాలి కాబట్టి అడిగాను."

రెండు నలభై మూడు. కింద చెట్ల తలలు పటపటమంటున్నాయి. ఆగితే? గాలి లేస్తుంది, గీత దాటుతుంది, మెడ దాటుతుంది, బడి వరండా. పెడితే? ఒక్కడు. ఆ ఒక్కడు ఎవడో జట్టు మొత్తానికి తెలుసు. ఆపితే మరిది కోసం ఆపిందంటారు. పెడితే మరిదినే తగలేసిందంటారు. లోకం నోటికి రెండువైపులా పదునే. అసలు భయం లోకం గురించి కాదు. తన బుర్ర తనకే అబద్ధం చెబుతోందేమోనని.

"మేస్త్రీ గారూ" అంది. "వాడు నా మరిది కాకపోతే నేనేం చేసేదాన్ని?"

మేస్త్రీ ఉమ్మి ఊశాడు. నల్లగా పడింది. "ఇంతసేపు అడిగేవారు కాదమ్మా."

అంతే. చెంప మీద కొట్టినట్టయింది ఆవిడకి. వేరేవాడయితే ఏం చేసేదో వెంటనే కనబడింది.

గీత మధ్యలో ఒక బండపరుపు ఉంది. గడ్డి మొలవని నున్నటి రాయి, కింది దాకా నాలుకలా జారి ఉంటుంది. పక్కన వాగు ఉంది గానీ వాగులోంచి ఎక్కకూడదు. మంటలప్పుడు వాగు పొగగొట్టం అయిపోతుంది. జట్టులో ఎవణ్ణి నిద్రలో లేపి అడిగినా బండ మీదుగా రావాలని చెబుతాడు.

"రెండు చివరల నుంచీ పెట్టుకురండి" అంది. "బండకి అటు ఇరవై అడుగులు, ఇటు ఇరవై అడుగులు వదిలేయండి. ఆ సందు దగ్గర నేనుంటాను. నలుగురు తడి గోనెలతో నా దగ్గరుండండి. సందులోంచి మంటొస్తే కొట్టాలి."

"ఎంతసేపు వదులుదాం?"

"గాలి లేచేదాకా."

"లేచాక?"

ఆవిడ మంట డబ్బా తన చేతిలోనే ఉంచుకుంది. అదే జవాబు.

రెండు వైపులా ఎదురు మంట అంటుకుంది. కిందికి బుడిబుడి నడకలతో దిగుతోంది. మధ్యలో నలభై అడుగుల సందు, ఊడిన పన్నులా. హారను మోగుతూనే ఉంది. మనిషి బుర్ర చిత్రమైనది. ప్రాణం మీదికొచ్చిన వేళ కూడా ఎందుకూ కొరగాని సంగతులు తీసి చూపిస్తుంది. ఆవిడకి తన పెళ్ళినాటి మరిది గుర్తొచ్చాడు, ఎనిమిదేళ్ళవాడు, వదిన చెప్పులు దాచేసి బేరానికి దిగినవాడు. ఛీ అనుకుంది. ఇప్పుడా?

రెండు యాభై ఒకటి. కళ్ళు మండి నీళ్ళు కారుతున్నాయి. రెండు యాభై నాలుగు. సందులోంచి నిప్పురవ్వలు ఎగిరి గీత మీద పడుతున్నాయి. ఊడ్చిన మట్టి మీద పడ్డవి పడ్డట్టే చస్తున్నాయి. రెండు యాభై ఏడు. లోయ వైపు నుంచి వేడిగా ఏదో చెంపకి తగిలినట్టయింది.

"లేచిందమ్మా" అన్నాడు మేస్త్రీ మెల్లగా.

ఆవిడ డబ్బా వంచింది. ఒక చుక్క రాలింది. గడ్డి చిటపటమంది.

బండ మీద గిట్టల చప్పుడు.

పొగలోంచి ఒక ఆవు వచ్చింది. కళ్ళు తెల్లగా. గోనెలవాళ్ళు పక్కకి దూకారు. దాని వెనక ఇంకొకటి, ఇంకో రెండు. తరవాత ఏమీ లేదు. ఏమీ లేదు. ఆవిడ రాలిన చుక్కని బూటుతో తొక్కుతోంది, తొక్కుతూనే ఉంది. అప్పుడొచ్చింది అయిదోది, కుంటుతూ. దాని తోక పట్టుకుని, మొహానికి తడి చొక్కా చుట్టుకుని, సగం నడుస్తూ సగం ఈడ్చబడుతూ ఒక మనిషి.

"ఎవర్రా అది?" అన్నాడు మేస్త్రీ, తెలిసే.

"గేటుకి తుప్పు పట్టింది" అన్నాడా మనిషి, మోకాళ్ళ మీద కూలబడి. "వీలైతే అన్నావు కదొదినా. అంత వీలుగా లేదు."

"ఆవు తోక పట్టుకుని వైతరణి దాటడం వినడమే గానీ చూడలేదు బాబూ" అన్నాడు మేస్త్రీ.

ఆవిడ నవ్వలేదు, ఏడవలేదు, ముట్టుకోలేదు. "తీసుకెళ్ళండి పైకి" అని, డబ్బా వంచి సందు పొడుగునా పరుగెత్తింది.

మూడు నిమిషాలు ఆలస్యం. నిప్పుతో బేరంలో మూడు నిమిషాలంటే చాలా ఎక్కువ. కుడివైపు ఎదురు మంట గెలిచింది. మెడ దగ్గర, ఇళ్ళకి దూరంగా, పెద్ద మంట ఆకలితో చచ్చింది. ఎడమవైపు, సందులో కొత్తగా పెట్టిన మంట పుంజుకునేలోపల పాత మంట ఎగిరి గీత దాటింది. గోనెలు చాలలేదు. విత్తనాల తోట నలభై నిమిషాల్లో అయిపోయింది. పద్నాలుగేళ్ళు.

సాయంత్రం ఆఫీసు గదిలో కూర్చుంది. చేతులు కడుక్కోలేదు. మరిది ఆసుపత్రిలో ఉన్నాడు, అరికాళ్ళు కాలాయి, ఊపిరి బాగానే ఉందన్నారు. ఇంటాయన అక్కడే ఉన్నాడు. పై ఆఫీసు పెద్దాయన ఫోన్లో మంచిమాటే చెప్పాడు: "గాలి ముందుగా లేచింది, తోట పోయింది అని రాయండమ్మా. అబద్ధమేం కాదుగా. పద్ధతి గిద్దతి అంటూ కెలక్కండి. పది రేంజిల్లో నడుస్తోంది."

"అందుకేనండీ" అంది ఆవిడ. "పది రేంజిల్లో నడుస్తోంది."

ఫోన్ పెట్టేసి, నివేదికలో మొదటి వాక్యం రాసింది: ఎనిమిదో నంబరు పార పలికింది, మనిషి పలకలేదు, ఈ పద్ధతి పెట్టింది నేను. రెండో వాక్యం రాయలేదు. కాగితం పక్కకి నెట్టి, నంబర్ల లెక్క ఆపమని రేంజిలకి ఒక్కొక్కదానికీ ఫోన్ చేయడం మొదలుపెట్టింది. నాలుగు చోట్ల సరేనన్నారు. అయిదోచోట రేంజరు నవ్వాడు.

"మీరే కదమ్మా వచ్చి నేర్పారు. మా వాళ్ళకిప్పుడు నోటికొచ్చేసింది."

"నేనే నేర్పాను. నేనే వద్దంటున్నాను. మీ జట్టు ఇప్పుడెక్కడుంది?"

"గీత మీదే. ఇప్పుడే లెక్కయింది, సరిపోయింది. ఎదురు మంట పెట్టబోతున్నాం."

"మొహాలు చూశారా?"

అవతల నవ్వు ఆగింది.

"ఫోన్ పెట్టకండి" అంది ఆవిడ. "అలాగే చేత్తో పట్టుకుని వెళ్ళి పేర్లు పిలవండి. నేను వింటాను."

బూట్ల చప్పుడు, గాలి, ఎవరో దగ్గడం. తరవాత దూరంగా ఒక పేరు, ఒక జవాబు. ఇంకో పేరు, ఇంకో జవాబు. మసి పట్టిన వేళ్ళ మీద ఆవిడ ఒక్కొక్కటే ముడుచుకుంటూ, అవతలి గొంతు తరవాతి పేరు పిలిచేలోపల ఊపిరి పీల్చుకుంటూ వింది.