నా పేరు మీద వచ్చిన చలానా

ఆ మెసేజ్ వచ్చేటప్పటికి నేను షాపులో చీరలు మడతపెడుతున్నాను. విజయవాడ బెంజ్ సర్కిల్‌లో హెల్మెట్ లేకుండా బండి నడిపినందుకు నా మీద చలానా పడిందట. నవ్వొచ్చింది. నేను బండి నడిపి ఏడేళ్లయింది. పటమటలో ఉన్న నా అద్దె ఇంటి నుంచి షాపుకి రోజూ నడిచే వస్తాను.

లింకు నొక్కితే ఫోటో కనిపించింది. బండి నాదే. నడుపుతున్నది మా తమ్ముడు.

వాడి పెళ్లప్పుడు ఆ బండి వాడికిచ్చేశాను. పేరు మార్పిద్దాంలే అనుకుంటూ ఇద్దరం వదిలేశాం. తర్వాత మాట్లాడుకోవడమే మానేశాం. మాది పెడనలో నేతపని చేసుకు బతికిన కుటుంబం. నాన్న పోయాక ఆయన మగ్గం మీద తమ్ముడే నేసేవాడు. మూడేళ్ల కిందట నాకొక్క మాటైనా చెప్పకుండా ఆ మగ్గం అమ్మేశాడు. సంగతి తెలిసి పరుగున వెళ్లాను. వాడి భార్య ముందే "నాన్ననే అమ్ముకున్నావు కదరా" అన్నాను. వాడు లేచి లోపలికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఊరు వదిలి గన్నవరంలో ఏదో గోడౌన్‌లో చేరాడని వాళ్ల వల్లా వీళ్ల వల్లా తెలిసింది.

ఫోటోని పెద్దది చేసి చూశాను. నుదుటి మీద జుట్టు బాగా పలచబడింది. వెనక మరదలు కూర్చుని ఉంది, ఒళ్లో ఆసుపత్రి స్కానింగ్ కవరు. బెంజ్ సర్కిల్ నుంచి మా ఇంటికి పది నిమిషాల నడక. అంత దగ్గరకొచ్చి వెళ్లిపోయాడు. చలానా కంటే అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఎవరినైనా సలహా అడగాలంటే ఇంట్లో ఎవరూ లేరు. మా ఆయన పోయి తొమ్మిదేళ్లు, పిల్లల్లేరు. షాపులో లెక్కలు చూసే పెద్దాయన మధ్యాహ్నం నమాజుకి వెళ్లొచ్చాక ఆయనకి చూపించాను. రెండు దారులున్నాయన్నారు. మారు మాట్లాడకుండా కట్టెయ్యడం ఒకటి. లేదంటే ట్రాఫిక్ స్టేషన్‌కి వెళ్లి బండి ఎవరి దగ్గరుందో రాసివ్వడం. ఊరుకుంటే ముందుముందు వచ్చేవన్నీ నా నెత్తినే పడతాయని కూడా చెప్పారు.

కట్టేస్తే తమ్ముడికి తెలియను కూడా తెలియదు. ఫోటో వాడికి పంపితే డబ్బుల కోసం పంపించాననుకుంటాడు. రెండు రోజులు తేల్చుకోలేకపోయాను. ఆ రెండు రోజుల్లో ఆ ఫోటో ఎన్నిసార్లు తీసి చూశానో నాకే తెలియదు. మూడో రోజుకి కోపమే మిగిలింది. సగం రోజు సెలవు పెట్టి స్టేషన్‌కి వెళ్లాను.

అక్కడ ఒక లేడీ కానిస్టేబుల్ నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, ఒక తెల్లకాగితం ఇచ్చి, బండి వాడుతున్న మనిషి పేరూ అడ్రసూ రాయమంది. పేరు రాశాను. దాని కింద గన్నవరం అని రాసి ఆగిపోయాను. ఏ వీధో తెలియదు. ఏ గోడౌనో తెలియదు. గుర్తు రాకపోతే ఫోన్ చేసి కనుక్కోండి అందామె, మామూలుగా. సొంత తమ్ముడు ఎక్కడుంటాడో తెలియదని ఆమెకి చెప్పలేక, కాగితం పట్టుకుని బయటికొచ్చాను.

ఆవరణలో పట్టుకొచ్చి పెట్టిన బళ్ల పక్కన నిలబడి ఫోన్ చేశాను. వెంటనే ఎత్తాడు.

"చెప్పక్కా."

నిన్ననే మాట్లాడుకున్నట్టు అన్నాడు. చలానా సంగతి చెప్పాను. తనే కట్టేస్తానన్నాడు, పేరు కూడా మార్పించుకుంటానన్నాడు. ఇక ఫోన్ పెట్టేస్తాడేమోనని భయం వేసింది.

"ఆ స్కానింగ్ ఎవరికిరా?"

వాడు గొంతు తగ్గించాడు.

"నాకే. కుడి భుజం. చెయ్యి పైకి లేవట్లేదు."

"ఎప్పట్నుంచి?"

"మగ్గం అమ్మకముందు నుంచే."

అప్పుడే ఎందుకు చెప్పలేదని అడగబోయి నోరు మూసుకున్నాను. ఆ రోజు నేను వాడిని చెప్పనిచ్చానా? అడ్రస్ అడిగాను. చెప్పాడు. ఆ కాగితం మీదే రాసుకుని, మడిచి సంచిలో పెట్టుకున్నాను. లోపలికి మళ్లీ వెళ్లలేదు. సాయంత్రం చలానా నేనే కట్టేశాను.

ఆదివారం బస్సులో గన్నవరం వెళ్లాను. రెండు గదుల ఇల్లు. మరదలు ముభావంగానే అయినా భోజనం పెట్టింది. తమ్ముడు ఎడమ చేత్తో చెంచా పట్టుకుని తింటున్నాడు. అది చూడలేక నేను కూర కలుపుకుంటూ కూర్చున్నాను.

"ఆ రోజు నేనన్న మాట తప్పురా," అన్నాను చివరికి.

వాడు పళ్లెంలోకే చూస్తూ, "పోనీలే అక్కా. అన్నం తిను," అన్నాడు.

మరదలు వంటగదిలోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు. వాడు బస్టాపు దాకా వచ్చాడు గానీ, మళ్లీ ఎప్పుడొస్తావని అడగలేదు.

బండి ఇప్పుడు వాడి పేరు మీదే ఉంది. వారానికోసారి నేనే ఫోన్ చేస్తాను. భుజం ఎలా ఉందంటే అలాగే ఉందంటాడు. ఆ తర్వాత ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచదు. పదిహేను రోజులకోసారి ఆసుపత్రి పని మీద విజయవాడ వస్తాడు. ఇంటికి రమ్మంటే, చూద్దాంలే అక్కా అంటాడు. ఇప్పటిదాకా రాలేదు. వాడు ఊళ్లోకి వచ్చే రోజున నేను ఇంకో ఇద్దరికి సరిపడా వండుతాను. మిగిలింది మర్నాడు షాపుకి పట్టుకెళ్తాను.