ఉపవాసం రోజు చెకప్

తొమ్మిదో నెలలో వారం వారం ఆసుపత్రికి వెళ్ళడం గుడికి వెళ్ళినంత అలవాటైపోయింది. జనక్‌పురిలో మా ఇంటి నుంచి ఆటోలో ఎంతో దూరం లేదు. వెళ్ళగానే బరువు చూస్తారు, చేతికి పట్టీ చుట్టి బీపీ చూస్తారు. తరవాత డాక్టరమ్మ టేపుతో పొట్ట కొలిచి, రెండు చేతులతో తడిమి, బిడ్డ తల ఎటుందో చెబుతుంది. ఆఖర్న గుండె చప్పుడు వినిపిస్తుంది. అది విన్నప్పుడల్లా మనసులోనే దణ్ణం పెట్టుకునేదాన్ని.

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. చదువంతా ఇంట్లో మా నాన్న దగ్గరే. అందుకేనేమో, ఏ కొత్త సంగతైనా ఎవరో ఒకరు పక్కన కూర్చుని నెమ్మదిగా చెబితేగాని బుర్రకెక్కదు. ఆ ఆసుపత్రిలో అలా చెప్పేవాళ్ళు దొరకడం నా అదృష్టం.

అమ్మ లేదు కనక పురిటికి అత్తయ్యగారే కాకినాడ నుంచి వచ్చారు. కార్తీక సోమవారాలు ఆవిడ ఏనాడూ తప్పలేదు. పగలంతా ఉపవాసం, సాయంత్రం చుక్కని చూశాకే భోజనం. ఆ సోమవారం నేనూ ఉపవాసం ఉన్నాను. ఆవిడ ఉండమనలేదు, వద్దనీ అనలేదు. పొద్దున్న కాఫీ గ్లాసు నా ముందు పెట్టి, నేను ముట్టుకోకపోతే ఒక్క క్షణం చూసి తీసుకెళ్ళిపోయారు. బిడ్డ క్షేమంగా బయటపడాలని నా మొక్కు. ఆ బిడ్డకీ ఆకలి ఉంటుందని మాత్రం నాకు తోచలేదు.

ఆ రోజు మామూలు చెకప్‌తో పాటు ఇంకో పరీక్ష చేశారు. ఎడమవైపు తిరిగి పడుకోమని, పొట్టకి రెండు పట్టీలు కట్టి, చేతికి ఒక మీట ఇచ్చారు. బిడ్డ కదిలినప్పుడల్లా అది నొక్కాలి. కదిలినప్పుడు గుండె వేగం పెరిగితే లోపల హుషారుగా ఉన్నట్టట. మిషన్లోంచి గీతల కాగితం సాగుతూ వస్తోంది. గుండె చప్పుడు వినిపిస్తూనే ఉంది గానీ నా బొటనవేలికి పని పడలేదు. శివనామం చెప్పుకుంటూ ఎదురుచూశాను. నర్సు కాగితం చూసి, వెళ్ళి డాక్టరమ్మని పిలుచుకొచ్చింది.

పొద్దుటి నుంచి ఏం తిన్నారని డాక్టరమ్మ హిందీలో అడిగింది. వ్రతమని చెప్పాను. ఆవిడ కోప్పడలేదు.

"అచ్ఛా. లోపలున్నవాళ్ళని అడిగే మొదలుపెట్టారా?" అంది.

బిడ్డ నిద్రపోతూ ఉండవచ్చునని, ఏదైనా తిని వస్తే మళ్ళీ చూస్తామని చెప్పింది. అప్పటికీ ఇలాగే ఉంటే స్కానింగు తీసి, అవసరమైతే ఇవాళే ఆపరేషన్ చేయాల్సి రావచ్చునంది.

బయట బెంచీ మీదున్న అత్తయ్యగారికి సంగతంతా చెప్పాను. ఆవిడ సంచిలోంచి స్టీలు డబ్బా తీశారు. అందులో సున్నుండలు. పొద్దున్నే సర్దుకున్నారన్నమాట.

"మొక్కు కదా, అత్తయ్యగారూ," అన్నాను.

"మొక్కు నాకొదిలెయ్. ఇద్దరి ఉపవాసమూ నేనుంటానని శివుడితో నేను చెప్పుకుంటాను. నువ్వు ముందు నములు."

ఏడుస్తూనే తిన్నాను. క్యాంటీన్ నుంచి వేడి పాలు కూడా తెప్పించారు. పచ్చి మంచినీళ్ళైనా ముట్టని ఆవిడ, నేను తాగేదాకా గ్లాసు పట్టుకుని కూర్చున్నారు.

మళ్ళీ పడుకోబెట్టారు. కాసేపు ఏమీ లేదు. తరవాత పక్కటెముకల కింద ఒక్క తన్ను. నొక్కాను. ఇంకోటి. చప్పుడు వేగం అందుకుంది. నేను మీట మీంచి వేలు తీయడం లేదు.

"బస్, చాలు దీదీ, మెల్లగా. మిషన్ విరిగిపోతుంది," అంది నర్సు.

డాక్టరమ్మ కాగితం చూసి తలూపింది. కదలికలు తగ్గినట్టు అనిపిస్తే చెకప్ రోజు దాకా ఆగకుండా ఏ వేళైనా వచ్చెయ్యమని చెప్పి పంపింది.

ఆ సాయంత్రం అత్తయ్యగారితో పాటు నేనూ మేడ ఎక్కాను. నవంబరు పొగలో ఆకాశం బూడిద రంగులో ఉంది. ఎంతసేపు చూసినా చుక్క లేదు. చివరికి ఎయిర్‌పోర్టు వైపు ఒక వెలుగు దిగుతూ కనిపించింది.

"అదుగో, చుక్కే అనుకోండి. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు మీరు," అన్నాను.

"కదిలేదాన్ని చుక్కంటావేమే?"

"ఇవాళ మనం అడిగింది కదలమనే కదండీ."

ఆవిడ ఆ వెలుగు మేడల వెనక్కి వెళ్ళేదాకా చూసి, చేతులు జోడించారు.

"సరే, పద. నీకు మళ్ళీ తినే వేళయింది," అంటూ నా చెయ్యి పట్టుకుని మెట్లు దింపారు.