చీమలు పాకుతున్నాయని చెప్పిన దాలమ్మ

2016 ఎండాకాలం. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఫిజియోథెరపీ గదిలో ఆయాగా చేస్తున్నాను. ఫిజియోథెరపీ అంటే కసరత్తుతో, కాపడంతో, సన్నటి కరెంటుతో ఒంటిని దారికి తెచ్చే వైద్యం. నేను చదివింది మూడో తరగతి. అంకెలు వచ్చు, పేర్లు కూడబలుక్కుని చదవగలను. ఆ పనికి అది చాలనే అనుకునేదాన్ని.

ఆ ఏడాది మా గదిలోకి ఒక రీసెర్చి వచ్చింది. వయసు మళ్ళితే కాళ్ళలో కండ కరిగిపోతుంది గదా. కోతా సూదీ లేకుండా, చర్మం మీంచి కొద్దిగా కరెంటు పెడితే ఆ కండకి మళ్ళీ బలం వస్తుందా రాదా అని చూడడం. అరవై దాటినవాళ్ళని తీసుకున్నారు. వారానికి మూడు రోజులు రావాలి. తొడ మీద ఎలక్ట్రోడ్ ప్యాడ్లు అంటించాలి. అవి అరచేతిలో సగం ఉండే జిగురు బిళ్ళలు, వాటి వైరు మిషనుకి పోతుంది. మిషను మీద అంకె పెంచుతుంటే ముందు చీమలు పాకినట్టుంటుంది, తర్వాత కండ బిగుసుకుని వదులుతుంది. ఇంక చాలని మనిషి చెప్పిన దగ్గర ఆపి ఆ అంకె పుస్తకంలో రాయాలి. దాన్ని రీడింగు అంటారు. ఆ తర్వాత కుర్చీలో కూర్చుని లేచే కసరత్తు.

ఇదంతా చూసే సుజాత మేడమ్‌ది మా పెద్ద మనవరాలి ఈడు. వచ్చిన ప్రతివాళ్ళకీ ఒకటే చెప్పేది: "ఇది పని చేస్తుందో లేదో మాకూ తెలీదు. తెలుసుకోడానికే చేస్తున్నాం. మీకు ఏమనిపిస్తే అదే చెప్పండి." మొదటి వారం తనే దగ్గరుండి చేసింది. తర్వాత అంటించడం, అంకె పెంచడం నాకు అప్పగించింది.

దాలమ్మ కళింగపట్నం నుంచి బస్సులో వచ్చేది. అరవై అయిదు దాకా ఉంటాయి. సముద్రం ఒడ్డున చేపలు ఎండబెట్టే పని. గొంతుక్కూర్చుని ఇసకలో పరవాలి, కూర్చునే తిరగెయ్యాలి.

"కూకుంటే లెగనేకపోతన్నానప్పా," నన్ను అక్క వరసలో అప్పా అని పిలుస్తూ అంది మొదటి రోజు. "ఇద్దరు సెరో రెక్కా పట్టి లాగాల. సేపలకో కూలీ, దాలమ్మని లేపడానికి ఇంకో కూలీ అని నవ్వుతారు. సావుకారు ఇంటికాడ కూకోమన్నాడు."

"నవ్వితే నవ్వనీ. ముందు ఆ పొట్లం బయట పెట్టు, గదంతా కంపు."

"ఎండు నెత్తళ్ళు, సన్న సేపలు. నీకే తెచ్చేను."

"నాకొద్దు. అమ్ముకుంటే నీకు బస్సు సార్జీ వస్తాది. పట్టుకుపో."

మొదటి రోజు అరనిమిషంలో కుర్చీలోంచి నాలుగుసార్లు లేచింది. అయిదు వారాలయ్యాక కూడా నాలుగే. మిగతావాళ్ళలో కొందరికి ఒకటో రెండో పెరిగింది, దీనికి లేదు. "కరెంటు తెలుస్తోందా, అమ్మా?" అని మేడమ్ అడిగితే, "బాగా తెలస్తాది తల్లీ, సీమలు పాకుతున్నాయి," అనేది.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. ఒక్కొక్కరికీ పేరు రాసిన సంచీలో సొంత ప్యాడ్లు ఉండేవి. నాలుగైదుసార్లు వాడాక పారేసి కొత్తవి తియ్యాలని మేడమ్ గట్టిగా చెప్పింది. నాకు చేతులు రాలేదు. ఇంకా అంటుకునే వస్తువుని పారెయ్యడమేటి? మా ఇంట్లో అరిగిన సబ్బుముక్కని కొత్త సబ్బుకి అంటించి వాడతాం. అదే బుద్ధి అక్కడా చూపించాను. తడివేలితో రాసి, ఆరబెట్టి, మళ్ళీ పెట్టేదాన్ని. ఊడిపోతుంటే గుడ్డపీలికతో కట్టేదాన్ని. కొత్త పాకెట్లు బీరువాలో భద్రంగా ఉండేవి.

దానికి తోడు దాలమ్మకి సిగ్గు. చీర పైకి తియ్యగానే కళ్ళు మూసుకునేది. అందుకని ప్యాడ్లు పెట్టిన మరుక్షణం దుప్పటి కప్పేసేదాన్ని. కండ బిగుస్తోందో లేదో కంటితో చూడాల్సింది, దాని నోటిమాటకి వదిలేశాను.

ఒక బుధవారం. ప్యాడ్లు పెట్టి, దుప్పటి కప్పి, అంకె తిప్పాను. పది. పన్నెండు.

"పాకుతున్నాయా?"

"ఆఁ, పాకుతున్నాయి."

"ఎందాకా?"

"మోకాలి దాకా వచ్చేసినాయి. సాలప్పా, సాలు."

కింద పడ్డ పెన్ను కోసం వంగితే, బల్ల కింద వైరు వేలాడుతోంది. మిషనులో దూర్చనే లేదు. ఆ మొన పట్టుకుని దాని మొహం ముందు పెట్టాను.

"ఒలే దాలమ్మా, ఇదేటి?"

చూసింది.

"ఇది నా సేతిలో ఉంటే నీ సీమలు ఎక్కణ్ణించి వచ్చేయే?"

మొహం గోడవైపు తిప్పుకుంది. నేను కదల్లేదు.

"మొదటివారం తెలిసింది," అంది చివరికి. "తరవాత నేదు."

"నేదని సెప్పొచ్చు గదా!"

"సెప్తే, ఈ ముసల్దానికి కరెంటు కూడా ఎక్కదని పంపేస్తారు. ఇంకెక్కడికెల్తాను?" గోడకే చెప్పుకుంటున్నట్టు నెమ్మదిగా అంది: "పగలు నీళ్ళు తాగనప్పా. తాగితే సాటుకెల్లి కూకోవాల. కూకుంటే ఎవలో ఒకలు వచ్చి లేపాల. ఆ కాడికొచ్చి లేపమని ఎవల్ని పిలుస్తాను?"

ఆ ఎండలో, ఆ ఇసకలో, ఉప్పు చేపల మధ్య పొద్దల్లా నీళ్ళు లేకుండా.

దుప్పటి తీసి ప్యాడ్లు ఊడదీశాను. వెనకవైపు ఎండిన అప్పడంలా ఉన్నాయి. వాటిని నా ముంజేతికే కట్టుకుని, వైరు దూర్చి, అంకె తిప్పాను. పన్నెండుకి ఏమీ లేదు. ఇరవైకి ఒక మూల చురుక్కుమంది, అంతే. బీరువా తాళం తీసి కొత్త పాకెట్ చింపాను. ఎనిమిదికే చీమలు. పన్నెండుకి వేళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి.

తెర అవతల ఉన్న మేడమ్ దగ్గరికి వెళ్ళి పాతవీ కొత్తవీ బల్ల మీద పెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. బీరువా తాళంచెవి కూడా అక్కడే పెట్టేశాను. మేడమ్ మొహం ఎర్రబడింది. "ఇవి ఎన్నాళ్ళ నించి, ఆయమ్మా?"

నేను చెప్పేలోపే లోపల్నించి దాలమ్మ అరిచింది. "అప్పని ఏటీ అనకు తల్లీ! అబద్దం సెప్పింది నాను!"

మేడమ్ మిగతావాళ్ళ సంచులన్నీ విప్పి చూసింది. ఇంకో ఇద్దరివీ అలాగే ఉన్నాయి. ఆ ముగ్గురి పేజీలూ ఎర్ర సిరాతో కొట్టేసి, జరిగింది రాసి, ఈ రీసెర్చి నడిపే విశాఖలోని పెద్దవాళ్ళకి పంపింది. ఆ పేజీలు కొట్టేస్తున్నంతసేపూ నన్ను పక్కనే నిలబెట్టింది. తిట్టినా బాగుండేది. చివరికి, "నేనూ ఒక్కరోజు దుప్పటి తీసి చూడలేదు," అంది. తాళంచెవి మళ్ళీ నాకే ఇచ్చింది.

దాలమ్మ ఇక రీసెర్చిలో లేదు. మామూలు రోగిగా మాత్రం రమ్మంది మేడమ్. కొత్త ప్యాడ్లతో మొదటిసారి అంకె పెంచినప్పుడు, "ఓలమ్మో! ఇయ్యి అప్పా, సీమలంటే!" అని లేవబోయింది. నేను దుప్పటి తీసి చూపించాను. తొడ మీద కండ బిగుసుకుని, వదిలి, మళ్ళీ బిగుసుకుంది. "నాదేనా అది?" అని చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

రెండు నెలలు దాటాయి. ఒకరోజు నేను వెళ్ళేసరికి వరండాలో నేల మీద కూర్చుని ఉంది. బెంచీ ఖాళీగానే ఉంది. లేపుదామని చెయ్యి చాచాను.

"సెయ్యి తీసీ."

ఒక అరచెయ్యి నేలకి, ఒకటి మోకాలికి ఆన్చింది. సగంలో ఆగింది. కాళ్ళు వణికాయి. నా చేతులు రెండూ నా నడుము దగ్గరే పట్టుకుని ఉంచుకోడం ఎంత కష్టమైందో నాకే తెలుసు. లేచి నిలబడింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"అప్పా, సెంబుడు నీళ్ళియ్యి."

మా కూజా లోంచి చెంబు నిండా ముంచి ఇచ్చాను. ఆగకుండా తాగింది. మెడ మీంచి కారిపోయాయి. ఇంకో చెంబు అడిగింది. ఆ రోజు తెచ్చిన నెత్తళ్ళ పొట్లం నేను తీసుకున్నాను.

అది కరెంటు వల్లా, కసరత్తు వల్లా అని మేడమ్‌ని అడిగాను. "ఒక్క మనిషిని చూసి చెప్పలేం, ఆయమ్మా," అంది. ఆ జవాబు నాకు నచ్చింది.

ఆ తర్వాత చేసినన్నాళ్ళూ ఏ ప్యాడయినా ముందు నా ముంజేతికి పెట్టుకుని చూశాకే ఇంకొకరికి అంటించాను. తెలీకపోతే తెలీదని చెప్పు, ఎవరూ నిన్ను పంపెయ్యరు అని ప్రతివాళ్ళకీ ముందే చెప్పేదాన్ని. ఆడవాళ్ళయితే తలుపు వేసి, ఇంకో మాట అడిగేదాన్ని: పొద్దుటినించి నీళ్ళు తాగేవా?