ఇవాళే తీసుకెళ్లండి

ఏలూరు స్టేషన్లో ఆ అమ్మాయి రైలు దిగినప్పుడు, తనకన్నా బరువున్నట్టు కనిపించే సంచి ఒకటి వీపున వేలాడుతోంది. న్యూజిలాండ్ నుంచి వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయేమో. కొల్లేటి మధ్య మా అక్క కాపురమున్న ఊరి చర్చిలో మూడు నెలలుండి, పిల్లలకు పాటలూ నాలుగు ఇంగ్లిషు ముక్కలూ నేర్పాలని, జీతం భత్యం లేకుండా, దేవుడి పని అనుకుని వచ్చింది. నన్ను చూడగానే, "ఇక్కడ నేను చేయకూడనివి ఉంటే ముందే చెప్పండి" అంది.

"భోజనం వద్దనకూడదు. అంతే" అన్నాను.

నేను తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు బళ్లో ఇంగ్లిషు మేష్టార్ని. సెలవు రోజుల్లో దుబాసీని. మా వైపు చర్చిలకు విదేశీ బోధకులు వస్తే పక్కన నిలబడి ఒక్కో వాక్యమూ తెలుగులో చెప్పేవాడు ఒకడు కావాలి. ఆ పనికి నన్నే పిలిచేవారు. నా ఇంగ్లిషు చూసి కాదు. వాళ్లు గుప్పెడు చెబితే నేను గంపెడు చేస్తానని. ఒకాయన మైకులో తుమ్మితే దానికి కూడా తెలుగు చెప్పాననీ, జనమంతా ఆమెన్ అన్నారనీ భీమడోలు దాకా చెప్పుకునేవారు. అందులో సగమే నిజం. ఆమెన్ అన్నది ఒక్కరే.

కారులో వెళ్తుంటే ఆ అమ్మాయి చెరువు గట్ల మీద కొంగల్ని చూసి మురిసిపోయింది. పై దేశాల నుంచి వచ్చే పక్షులు ముందు పంచాయతీ ఆఫీసులో పేరు రాయించుకున్నాకే నీళ్లలో దిగాలని చెప్పాను. చిన్న పుస్తకం తీసి రాసుకుంది. రెండు మైళ్లు పోయాక నా మొహం చూసి, ఆ కాగితం చించేసి నవ్వింది. ఆ రోజు ఆ పిల్ల నవ్వడం అదొక్కసారే చూశాను.

ఊళ్లో చర్చి ముందు షామియానా వేశారు. మొదటి వరసలో మా బావ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కట్టు కట్టిన కుడికాలు ఇంకో కుర్చీ మీద చాపుకున్నాడు. వల తీస్తుంటే జెల్ల చేప ముల్లు పాదంలో దిగి నాలుగు రోజులైంది. ఆ ఊళ్లో ముల్లు దిగని కాలు లేదుగానీ బావకి షుగరుంది. ఊరి ఆరెంపీ డాక్టరు పుండు చూసి, "నా వల్ల కాదండి, ఏలూరు తీసుకెళ్లండి" అన్నాడు. మర్నాడు పొద్దున్నే వెళ్లాలని అక్క కారు మాట్లాడి, సంచి సర్దింది. బావకి మాత్రం మనసొప్పలేదు. వాళ్ల అన్నయ్యకి ఇలాంటి పుండే పడితే, వేలు దగ్గర మొదలుపెట్టి మోకాలి దాకా తీసేశారు.

"దోనె మీద నిలబడి గెడ వేసేవాణ్ణి. కాలు లేకపోతే నేనెందుకురా?" అనేవాడు.

పాస్టరు గారు ఆ అమ్మాయిని నాలుగు మాటలు చెప్పమన్నారు. "నేను గొప్పదాన్నేం కాదు. మా ఊరి ఆసుపత్రి వంటగదిలో రెండేళ్లు పనిచేశాను. రోగులకు భోజనం పళ్లేలు అందించేదాన్ని" అంది.

అంత దూరం నుంచి వచ్చిన మనిషి పళ్లేలు మోసేదని చెబితే షామియానా చిన్నబోతుందనిపించింది. మైకు అందుకున్నాను. "ఈ అమ్మగారు వాళ్ల దేశంలో పెద్దాసుపత్రిలో రెండేళ్లు సేవ చేశారండి. ఈవిడ గదిలో అడుగు పెడితే చాలు, లేవలేని రోగులు కూడా లేచి కూర్చునేవారండి!"

భోజనం వస్తే ఎవరైనా లేచి కూర్చుంటారు, కాబట్టి అది అబద్ధం కాదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. జనం ఆమెన్ అన్నారు. ఈసారి అందరూ అన్నారు. బావ అయితే కాలు కుర్చీ మీంచి దించి మరీ అన్నాడు.

కూటం అయ్యాక అక్క నన్ను పక్కకి లాగింది.

"ఒరేయ్, ఆ పిల్ల నిజంగా డాక్టరా, నీ కోతలా?"

"నేనేమన్నానక్కా? ఆవిడన్నదే నేనన్నాను."

"మీ బావ రేపు కారొద్దంటున్నారు. ఈవిడ చేత చూపించుకుంటారంట."

"చూడనీ. చూసి ఆవిడే ఏలూరు వెళ్లమంటుందిలే."

అక్కడికి తప్పించుకున్నాననుకున్నాను.

అక్క వాళ్ల వసారాలో సగం ఊరు చేరింది. ఆ అమ్మాయి నేల మీద కూర్చుని మెల్లగా కట్టు విప్పింది. రెండు వేళ్లు నల్లబడ్డాయి. ఎరుపు చీలమండ దాటింది. ముందు నిలబడ్డవాళ్లు పైట కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. ఆ పిల్ల పెట్టుకోలేదు. రెండు చేతులా ఆ పాదం పట్టుకుని కళ్లు మూసుకుంది. తెరిచి, నా వైపు తిరిగింది.

"ఈ వాసన నాకు తెలుసు. పళ్లెం పట్టుకుని ఈ వాసనొచ్చే గదుల్లోకి వెళ్లాను. రేపు కాదు. ఇవాళే తీసుకెళ్లండి. ఇప్పుడే."

"ఏవంటున్నారు బామ్మర్దీ, అమ్మగారు?" బావ కళ్లు మెరుస్తున్నాయి.

జనమంతా నా నోటి వైపే చూస్తున్నారు. గంట కిందట లేవలేని రోగుల్ని లేపిన మనిషి, ఇప్పుడు చేతులెత్తేసిందని నేనే చెప్పాలి. పైగా చావు కబురు కూడా 'కొంచెం నలతగా ఉందండి, ఓసారి వచ్చి వెళ్లండి' అని పంపే ప్రాంతం మాది. కఠినమైన మాట నాలుక మీద నిలవదు.

"ప్రార్థన చేశారు బావా. కంగారేం లేదంట. వీలు చూసుకుని ఏలూరులో కూడా ఓసారి చూపించుకుంటే మంచిదంటున్నారు."

"చూపించుకుందాం, చూపించుకుందాం" అన్నాడు బావ. ఊరంతా ఊపిరి పీల్చుకుంది.

"చెప్పారా?" అని అడిగింది ఆ అమ్మాయి.

"చెప్పాను."

"వెళ్తారా?"

"వెళ్తారు."

సాయంత్రం బస్సుకి నేను తాడేపల్లిగూడెం వచ్చేశాను. కాస్తో కూస్తో ఇంగ్లిషు తెలిసిన పాస్టరు గారు కూడా సభలకని రాజమండ్రి వెళ్లారు. ఇంక ఆ ఊళ్లో ఆ పిల్ల మాట అర్థమయ్యేవాళ్లు లేరు. తర్వాత అక్క చెప్పింది. రోజూ పొద్దున్నే వచ్చేదట. పాదం చూపించేది, రోడ్డు చూపించేది, "ఏలూరు, ఏలూరు" అని చేతులు జోడించేది. బావ అంతకన్నా భక్తిగా చేతులు జోడించి, "అలాగేనమ్మా, అలాగే" అనేవాడు. రెండో రోజు ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసింది. క్లాసులో ఉన్నాను, కట్ చేశాను. 'వెళ్తున్నారు, కంగారు పడకండి' అని మెసేజ్ పెట్టాను. మూడో రోజు కూడా చేసింది. అప్పుడు క్లాసు లేదు. అయినా ఎత్తలేదు.

ఐదో రోజు అక్క చేసింది. "ఒళ్లు కాలిపోతోందిరా. ఏదేదో మాట్లాడుతున్నారు."

ఏలూరు ఆసుపత్రిలో డాక్టరు కాలు చూసి అడిగింది ఒక్కటే. "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు?" నాలుగు రోజుల ముందొస్తే రెండు వేళ్లతో పోయేదని ఆయనే అన్నాడు. మధ్యాహ్నానికి మోకాలి పైదాకా తీసేశారు.

వరండాలో అక్క గోడకి చేరబడి కూర్చుంది. ఆ అమ్మాయి కూడా వచ్చి, పక్కనే కింద కూర్చుంది. నన్ను చూసి, గొంతు పెంచకుండానే అడిగింది. "ఇవాళే అని చెప్పాను కదా. మీరు వాళ్లకి ఏం చెప్పారు?"

"ఏమంటోందిరా?" అంది అక్క.

ఏదో ఒకటి చెప్పొచ్చు. పది కథలు నోటిదాకా వచ్చాయి. ఆ పిల్ల అక్క చెయ్యి పట్టుకుని ఉంది.

"ఆ రోజే 'ఇవాళే తీసుకెళ్లండి, ఇప్పుడే' అని చెప్పానంటోంది. నువ్వు వాళ్లకేం చెప్పావని నన్నడుగుతోంది."

అక్క నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఆపరేషన్ గది తలుపు వైపు చూసింది.

"మీ బావకి చెప్పకు" అంది. "కాలు పోయింది చాలు. బామ్మర్ది కూడా పోయాడంటే ఆ మనిషి తట్టుకోలేరు. ఆ పిల్లకి మాత్రం చెప్పు, తన తప్పేం లేదని నేనన్నానని."

చెప్పాను. ఒక్క మాట కలపలేదు, తీసెయ్యలేదు. ఆ అమ్మాయి విని తల దించుకుంది. ఉన్న మూడు నెలలూ నన్ను మళ్లీ పిలవలేదు. అక్కా తనూ సైగలతోనే మాట్లాడుకున్నారు.

బావ ఇప్పుడు గట్టు మీద కూర్చుని వలలు బాగుచేస్తాడు. దోనె ఎవరికో ఇచ్చేశారు. వచ్చినవాళ్లందరికీ చెబుతాడు, "ఆ అమ్మగారు చెయ్యి వేయబట్టి కాలుతో పోయిందండి, లేకపోతే ప్రాణమే పోయేది. ఇదిగో, మా బామ్మర్దినడగండి, పక్కనే ఉన్నాడు."

వాళ్లు నా వైపు చూస్తారు.

"ఔనండి" అంటాను.

అక్క అందరి చేతికీ కాఫీ ఇస్తుంది. నా గ్లాసు మాత్రం నేల మీద పెట్టి లోపలికి వెళ్లిపోతుంది.