సువార్త గొట్టంలో మూడు చుక్కలు

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. గుంటూరులో మిర్చి కొట్టులో పెరిగినవాణ్ణి. చేత్తో పట్టి చూడనిదే సరుకుందని ఒప్పుకోను. చెడ్డపని ఎంత నేర్పుగా చేయాలో మాత్రం నన్ను చూసి నేర్చుకోవాలి. పక్కమనిషి నమూనా గొట్టంలో పట్టపగలు ఆమ్లం వేసి, చెప్పాల్సిన సాకు కూడా ముందే సిద్ధం చేసుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్లకి జరిగిన సంగతి. నల్లపాడు దగ్గరొక ల్యాబ్‌లో నేనూ, దర్శి నుంచి వచ్చిన సువార్తా పనిచేసేవాళ్లం. పత్తిగింజలో ఒక ప్రొటీన్ ఉంటుంది, ఆరు ముక్కలు కలిసిన గుత్తి. అది విడిపోకుండా మాస్ స్పెక్ట్రోమీటర్ యంత్రంలో బరువు తేల్చాలి. ఎవరు తేలిస్తే ఉన్న ఒక్క ఉద్యోగం వాళ్లకి.

ఆర్నెల్లుగా నాకు ముక్కలే వస్తున్నాయి. సువార్త చేరిన నెలకే ఆమె గ్రాఫులో గుత్తి ఛాయ కనిపించింది. అది చూసి మా ల్యాబ్ పెద్ద, సార్, నవ్వారు. నా గ్రాఫు చూసి ఆయన ఏనాడూ నవ్వలేదు.

“ఏంది బేరగాడా, మొహం అట్టా పెట్టావు? నీకూ వచ్చిద్దిలే,” అంది సువార్త. ఆ జాలి ఇంకా మండించింది.

సార్ ముందు ఇద్దరం చూపించాల్సిన రోజు, ఆమె చేతులు కడుక్కోను వెళ్లింది. మామూలు నమూనాలకు ఆమ్లం కలపడం ల్యాబ్‌లో అందరికీ అలవాటే. గుత్తికి మాత్రం కలపకూడదు, కలిపితే విడిపోతుంది. పట్టుబడితే ‘అలవాటు కొద్దీ వేశాను’ అనొచ్చని ఆమె గొట్టంలో మూడు చుక్కలు వేశాను.

ముందు నాది పెట్టాం. ముక్కలు. తర్వాత ఆమెది పెట్టాం. తెర మీద గుత్తి, ఆరు ముక్కలూ కలిసే ఉన్నాయి.

గొట్టాలు మారాయేమో అనుకున్నాను. అందరూ భోజనానికి వెళ్లాక నీలి లిట్మస్ కాగితం ముంచాను. నా గొట్టంలో రంగు మారలేదు. ఆమె చేతిరాత ఉన్న గొట్టంలో ఎర్రబడింది. ఇంకో కాగితం ముంచినా ఎరుపే.

మర్నాడు ఆమె నమూనా సీసాలోంచే కొంచెం తీసి, అలాగే మూడు చుక్కల ఆమ్లం కలిపి యంత్రంలో పెట్టాను. ముక్కలైపోయింది. ఆ వారంలో ఎన్నిసార్లు చేసినా అంతే. మరి ఆ ఒక్కరోజు ఎలా నిలిచిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఉద్యోగం సువార్తకి వచ్చింది. పరిశోధన పత్రంలో నా పేరు కూడా ఆమే వేయించింది. “పక్కనే ఉన్నావు గదా అబ్బాయ్,” అంది, మామూలుగానే.

సరే, లెక్క చూద్దాం. ఆమెకు నష్టం లేదు. అది నా మంచితనం కాదు. కాబట్టి ఆమె ఉద్యోగం పోగొట్టినట్టే నా పేరున రాసుకున్నాను. పత్రంలో పేరు ఉచితంగా దక్కింది, అదీ బాకీయే. చేసింది ఆమెకు చెబితే కొంతైనా తీరుతుంది. ఇంకా చెప్పలేదు.