మా అత్తయ్య జ్వరం, మేం దాచిన మాట

ఇది రాసిపెట్టాలనిపించింది మొన్న రాజోలు దగ్గర ఒక పశువుల పాక ముందు తగిలిన వాసన వల్ల: తడి గడ్డి, పేడ, అప్పుడే పితికిన పాల నురగ. అమలాపురం గ్రంథాలయంలో నిఘంటువు పక్కన పెట్టుకుని గుండె జబ్బుల పుస్తకాలు ఏళ్ల తరబడి చదివినదాన్ని, మా అత్తయ్య ఎలా పోయిందో విడమర్చి చెప్పాల్సింది నేనే.

నాన్నగారి చెల్లెలు సత్యవతత్తయ్య తెల్లవారకుండానే కొబ్బరిచెట్ల మంచులో గేదెల దగ్గరికి వెళ్తుంటే, పిల్లలందరం ఇత్తడి గ్లాసులు పట్టుకుని వెంటపడేవాళ్ళం, పొదుగు దగ్గరే నిలబడి గోరువెచ్చటి గుమ్మపాలు కాచకుండానే తాగేసేవాళ్ళం.

"ఏవే పుస్తకాలమ్మా, మీసాలొచ్చేయి! రేపట్నుంచి పంచె కట్టుకో" అని నా మూతి మీది నురగ చూసి వెక్కిరించేది.

ఒక వానాకాలం మా గేదె ఈసుకుపోయింది. నెలలు నిండకుండానే దూడను పడేసింది. చచ్చిన దూడను, మాయను అత్తయ్యే ఒట్టి చేతులతో లాగింది. ఆ సంగతి ఎక్కడా అనొద్దని మామ్మ కట్టడి చేసింది. బయటికి పొక్కితే పాడికి దిష్టి తగులుతుందని, పాలు పోయించుకునేవాళ్ళు మానేస్తారని మా వైపు అందరూ అలాగే దాచేవారు.

దసరా నాటికి అత్తయ్యకు సాయంత్రమయ్యేసరికి జ్వరం, చెమటలు, నడుంనొప్పి. ఊళ్ళో డాక్టరుగారి సూదిమందుకు తగ్గేది, మళ్ళీ వచ్చేది. బలం రావాలని మామ్మ ఇంకో గ్లాసు గుమ్మపాలు తాగించేది. అట్లతద్దినాడు గోరింటాకు చేతులతో మా ఉయ్యాల ఊపబోయి, ఆయాసంతో అక్కడే కూలబడింది.

అమలాపురంలో డాక్టరు గుండె చప్పుడు విని కాకినాడ పంపారు. చిన్నప్పటి కీళ్ళజ్వరంతో ముందే పాడైన కవాటం మీద ఏదో సూక్ష్మజీవి గూడు కట్టిందన్నారు. అదేమిటో తేలలేదు; రక్తాన్ని సీసాల్లో ఉంచి చూసినా ఏమీ పెరగలేదు.

"ఇంట్లో గొడ్లున్నాయామ్మా? ఈమధ్య ఏదైనా ఈసుకుపోయిందా?" అని పెద్ద డాక్టరు అడిగారు.

"అబ్బే, లేదండి బాబూ! మా గేదెలు లక్ష్మీదేవులండి, ఆయ్" అంది మామ్మ.

అత్తయ్య తల్లి మొహం చూసి, గోడవైపు తిరిగి పడుకుంది.

గొడ్లు ఈసుకుపోయేలా చేసి, ఆ మాయ నుంచీ కాచని పాల నుంచీ మనుషులకు అంటుకునే ఈ జీవి మహా నెమ్మదిగా పెరుగుతుందని నేను తరవాత చదివాను. సీసాలు ఎక్కువ రోజులు ఉంచాలంటే డాక్టరుకు అనుమానం రావాలి, అనుమానం రావాలంటే ఇంటివాళ్ళు నిజం చెప్పాలి. వారాలు గడిచాక, లేవలేని స్థితిలో అత్తయ్యే చెప్పింది.

"దిష్టి గేదెకి కాదే అమ్మా, నాకు తగిలింది. ఈసుకుపోయిందండి డాక్టరుగారూ, నేనే లాగేనండి."

సరైన మందులు అప్పుడు మొదలయ్యాయి. కవాటం అప్పటికే చిరిగిపోయింది. ఆపరేషన్ దాకా అత్తయ్య ఆగలేదు.

ఆ తరవాత ఎవరింట గేదె ఈసుకుపోయినా మామ్మ వెళ్ళి వాళ్ళ గుమ్మం ముందు నిలబడి, "దాచకండర్రా! ఒట్టి చేతుల్తో ముట్టుకోకండి, పాలు కాచుకోండి, పశువుల డాక్టర్ని పిలవండి! నేను దాచి కూతుర్ని పోగొట్టుకున్నాను" అని వీధంతా వినబడేలా అరిచేది, తిట్లు తినేది. ఇప్పుడు మామ్మ లేదు. దాచేవాళ్ళు మాత్రం ఉన్నారు.

అడిగిన పుస్తకమల్లా వెతికిచ్చిన గ్రంథాలయం సూర్యకాంతంగారికి, వైద్యం మాటలు అర్థమయ్యేలా చెప్పిన నర్సు విజయగారికి, ఆసుపత్రి రోజులు కళ్ళనీళ్ళతో గుర్తుచేసుకున్న మా నాన్నగారు రామ్మూర్తిగారికి రుణపడి ఉన్నాను. మా మామ్మ సీతాయమ్మకు కూడా, ఆలస్యంగానైనా నోరు విప్పినందుకు.