గార్డు పెట్టెలో దొర

మనవరాలు వెల్లుల్లి ఒలుస్తుంటే, ఆ ఘాటుకు నాకు ఇప్పటికీ తల దించుకోవాలనిపిస్తుంది.

తెల్లదొరల కాలంలో నాయన కురిచేడు స్టేషన్లో గుమాస్తా. సాయంత్రాలు ఇంగ్లీషు నవల చదివి మాకు తెలుగులో చెప్పేవాడు. ఒకనాడు అందులోని ఒక దొర కథ ఎత్తుకున్నాడు.

"చచ్చినాక గూడా ఆ దొర పగలంతా పెట్టెలో పండుకుంటాడంట. చీకటి పడితే లేచి మనుషుల నెత్తురు తాగుతాడంట. వెల్లుల్లి చూస్తే మాత్రం పారిపోతాడంట."

శవాన్ని పెట్టెలో పెట్టేవాళ్ళుంటారని నాకేం తెలుసు? నాకు తెలిసిన పెట్టె రైలు పెట్టె. గూడ్సు బండి చివరి పెట్టెలో కునుకుతూ వచ్చే దొర మాకు ఒక్కడే, ముసలి గార్డు. ఏళ్ళ తరబడి ఈ దారిలోనే తిరిగి మన మాట నేర్చినవాడు. పాలిపోయిన ముఖం, దంచిన తమలపాకుతో ఎప్పుడూ ఎర్రగా ఉండే నోరు.

మర్నాడు గూడ్సు ఆగింది. గార్డు దిగి, "రా పాపా, బిస్కెట్టు తిందువు" అని చెయ్యి చాచాడు. నేను వంటింట్లోంచి తెచ్చి గుప్పిట్లో దాచుకున్న వెల్లుల్లిని ఆయన ముఖాన కొట్టి, "నెత్తురు తాగే దయ్యం!" అని అరిచాను. ప్లాట్‌ఫారం మీద జనం పగలబడి నవ్వారు.

నాయన పరుగెత్తుకొచ్చాడు. "తప్పయిపోయింది దొరా. మీరిచ్చిన నవల కథే చెప్పినాను. ఈ పిచ్చిది మిమ్మల్నే అనుకునింది."

గార్డు నా ముందు గొంతుక్కూర్చుని నోరు తెరిచాడు.

"చూడు తల్లీ. కొరికేదానికి పళ్ళు యాడుండాయి?"

ఎర్రటి చిగుళ్ళు తప్ప ఏమీ లేవు. అప్పటిదాకా నవ్వినవాళ్ళంతా, నిజమేనా అన్నట్టు, వంగి ఆ నోట్లోకి చూశారు. వంగినవాళ్ళలో నాయన కూడా ఉన్నాడు.